తిరుమల నాయకుని పడిశము మొదలు నేటి దగ్గు మందు వరకు

 ఈ ఉగాదితో వచ్చిన పరాభవ నామ సంవత్సరము పేరు విని పెద్దలలో కొందరు ముఖము చిట్లించినారు. పేరు ఏదైనా పచ్చడి ఆరు రుచులతోనే ఉంటుంది గదా అని వారికి సమాధానము చెప్పినాము.

సంచిక కార్యవర్గము వారు ఎప్పటివలెనే నాయక రాజుల చరిత్ర మీద ఒక వ్యాసము వ్రాయమని మమ్ము కోరినారు. మదురై సీమలో స్థిరపడిన తెలుగువారికి ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. తిరుమల నాయకుని మహలును గురించి, తెప్పకుళమును గురించి, పుదు మండపమును గురించి ఇదివరకే ఎందరో వ్రాసియున్నారు. మేము ఈసారి ఆయన పడిశమును గురించి వ్రాయదలచినాము. చదువరులు నవ్వవద్దు. గత మార్గశిర మాసములో మా ఇంటిలో ఒక పడిశము మా నాయనను ఆసుపత్రి దాకా తీసికొనిపోయినది. తీసికొనిపోయినది పడిశము కాదు, దానికి వేసిన మాత్ర. ఆ రాత్రి తరువాత పడిశపు మందుల చరిత్రను దొరికినంత వరకు చదివినాము. అది మన మదురై నుండియే మొదలుపెట్టి చెప్పవచ్చునని తెలిసినది.

తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు పాలించినాడు. ఆయనకు ముందు రాజధాని తిరుచిరాపల్లిలో ఉండేది. దానిని మదురైకి మార్చినది ఆయనే. ఎందుకు మార్చినాడు అనుటకు చరిత్రకారులు రాజకీయ కారణములు చెబుతారు. జనము మాత్రము మరొక కారణము చెప్పుకొంటారు. రాజుగారికి తీరని పడిశము, తమిళులు మండైచ్చళి అంటారే, అది పట్టుకొన్నది. ఆస్థాన వైద్యులు ఎన్ని మందులు ఇచ్చినా వదలలేదు. మదురైకి పోవుచు దిండిగల్లులో విడిది చేసినప్పుడు బాధ మరీ ఎక్కువైనది. ఆ రాత్రి మీనాక్షీ సుందరేశ్వరులు కలలో కనబడి, నీవు మదురైలోనే నివసించినచో ఈ వ్యాధి పోవును అని ఆనతి ఇచ్చినారట. తెల్లవారి లేచి పళ్ళు తోముకొంటూ ఉండగనే వ్యాధి తొలగిపోయినదట. రాజు మాట నిలుపుకొని మదురైలో కాపురము పెట్టినాడు.

ఇది గాథ. భక్తితో విన్నవారికి భక్తి కథ. మేము దీనిలో మరొక సంగతి కూడా చూచినాము. వైద్యులు ఇచ్చిన మందులన్నిటికి పేరు రాలేదు. చివర ఏది జరిగినదో దానికే పేరు వచ్చినది. పడిశము విషయములో ఇది నేటికీ ఇట్లే జరుగుతున్నది.

పడిశము తెచ్చేవి కంటికి కనబడని వైరసులు. ఇవి రెండు వందల రకములకు పైగా ఉన్నవి. వీటిని చంపే మందు ఏ దుకాణములోను లేదు. ఒంటిలోని రక్షణ శక్తియే వాటిని వారము పది రోజులలో తరిమివేస్తుంది. మందు వేస్తే వారము, వేయకుంటే ఏడు రోజులు అని లోకములో ఉన్న మాట హాస్యము కాదు, సత్యము. మూడవ నాడో నాలుగవ నాడో, బాధ ముదిరినప్పుడే మనము మందు కొంటాము. ఆ సమయమునకు రోగము దానంతట అది తగ్గుముఖము పట్టుతుంది. పేరు మందుకు పోతుంది. ఈ కారణము చేత పడిశపు మందును ఇది పనిచేసినదా అని అడుగుటకంటె, ఇది ఇంకేమి చేసినది అని అడుగుట ముఖ్యము. మిగిలిన రోగములలో మందు వలన ఒక నష్టము కలిగినా దానికి మించిన లాభము ఉండవచ్చును. తనంతట తగ్గే రోగములో ఆ తూకము వేరు.

మన పెద్దవారు శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిపి త్రికటు అన్నారు. మన ఇండ్లలో మిరియాల చారు, శొంఠి కషాయము, తమిళుల పొరుగున నేర్చుకొన్న సుక్కు కాఫీ ఇప్పటికీ ఉన్నవి. వేడిగా త్రాగితే గొంతుకు హాయి కలుగుతుంది, ఒంటికి నీరు పడుతుంది. పెద్దవారికి ఇవి మంచివే. ఐనను ఇంటివైద్యము గనుక హాని లేదనుకొనుట పొరపాటు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. దానిలో ఉండగల ఒక సూక్ష్మజీవి చంటిబిడ్డ ప్రేగులలో పెరిగి విషము పుట్టిస్తుంది. మరుగుతున్న గిన్నె ముందు పిల్లవానిని దుప్పటి కప్పి కూర్చోబెట్టగా గిన్నె తలక్రిందులై ఒళ్ళు కాలిన ఉదంతములు ప్రతి కాన్పుల వార్డు, పిల్లల వార్డు నర్సులకు తెలుసు.

అంగడిలో దొరికే పడిశపు మందులలో మన తెలుగువారు గర్వముగా చెప్పుకొనదగినది ఒకటి ఉన్నది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బ్రతుకుతెరువు కొరకు బొంబాయి పోయి, 1893లో అక్కడ అమృతాంజనము వ్యాపారము ప్రారంభించినారు. ఆయనయు మనవలె వలస వచ్చినవారే. ఆ డబ్బాల మీద వచ్చిన డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించినారు. 1914లో మద్రాసు చేరి దానిని దినపత్రిక చేసినారు. నేడు మనము ఇట్టి ఉగాది సంచికలు వేసుకొంటున్నామంటే ఆ పత్రిక వేసిన సంవత్సరాది సంచికలు మనకు దారి చూపినవని చెప్పవలెను. తలనొప్పికి, ముక్కు దిబ్బడకు రాసుకొనే ఈ జాతి లేపనములలో కర్పూరము, పుదీనా పువ్వు, నీలగిరి తైలము వంటివి ఉంటవి. పుదీనా పువ్వు ముక్కులో చల్లదనము పుట్టించి గాలి ఆడుతున్నట్లు అనిపింపజేస్తుంది, వాపును తగ్గించదు. పైపూతగా పెద్దవారికి ఇవి సురక్షితమే. కాని కర్పూరము చంటిపిల్లల కడుపులోనికి పోయినచో ఫిట్సు రాగలవు. రెండేండ్లు నిండని పిల్లల ముక్కు దగ్గర, పెదవుల దగ్గర ఏ బామూ రాయకూడదు. డబ్బాను అందని ఎత్తున పెట్టవలెను.

అమృతాంజనము బొంబాయిలో పుట్టిన ఆ దశాబ్దములోనే జర్మనీలో రెండు మందులు పుట్టినవి. రెంటినీ అమ్మినది బేయర్ కంపెనీయే. 1898లో దగ్గుకు మందు అని హెరాయిన్ అమ్మినారు. అవును, నేడు పోలీసులు పట్టుకొనే హెరాయినే. అలవాటు పడినవారు వదలలేకపోతున్నారని తెలిసి 1913లో తయారీ మానివేసినారు. రెండవది 1899లో వచ్చిన ఆస్పిరిన్. ఇది గొప్ప మందు. నేటికీ గుండెజబ్బు వారికి ప్రాణదాత. కాని దాని చరిత్రలో కూడా పిల్లల కన్నీరు ఉన్నది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమును ఊపివేసినప్పుడు పాశ్చాత్య దేశముల డాక్టర్లు ఆస్పిరిన్‌ను రోజుకు 8 గ్రాముల నుండి 31 గ్రాముల వరకు ఇవ్వవచ్చునని వ్రాసినారు. నేటి లెక్కలో అది విషము. ఆ మరణములలో కొన్నిటికి మందే కారణమై ఉండవచ్చునని 2009లో ఒక వైద్యురాలు వాదించినారు. అటు తరువాత 1963లో ఆస్ట్రేలియాలో రై అనే వైద్యుడు ఒక వింత వ్యాధిని వర్ణించినాడు. జలుబో, ఫ్లూయో, ఆటలమ్మయో వచ్చి తగ్గుతున్న పిల్లలు ఉన్నట్టుండి వాంతులు చేసుకొని మత్తులో పడేవారు. మెదడు వాచేది, కాలేయము చెడేది. ఆ పిల్లలలో చాలామందికి జ్వరము కొరకు ఆస్పిరిన్ ఇచ్చియున్నారని తరువాత బయటపడినది. అమెరికాలో 1979–80 శీతాకాలపు సంవత్సరములో 555 మంది పిల్లలకు ఈ వ్యాధి వచ్చినది. 1980లో తల్లిదండ్రులను హెచ్చరించినారు, 1986 నుండి డబ్బాల మీద హెచ్చరిక ముద్రించినారు. పదేండ్లు గడిచేసరికి సంవత్సరమునకు ఒకటి రెండు కేసులు మాత్రమే మిగిలినవి. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఒక మాత్ర ఇవ్వడము మానినారు, అంతే. అందువలన జలుబు, జ్వరము వచ్చిన పిల్లలకు డాక్టరు చెప్పనిదే ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఇక మా నాయన సంగతి మనవి చేస్తాము. ఆయనకు డెబ్బది ఏండ్లు దగ్గరపడినవి. ముక్కు దిబ్బడ వేసి రాత్రి నిద్ర పట్టడము లేదంటే మేమే అంగడికి పోయి, జలుబు మాత్రలు నాలుగు ఇమ్మన్నాము. అంగడి తమ్ముడు రేకులో నుండి నాలుగు కత్తిరించి ఇచ్చినాడు. ఎవరికి అని అతడు అడగలేదు, మేమూ చెప్పలేదు. రెండు రోజులు ఉదయము ఒకటి, రాత్రి ఒకటి వేసినాము. ముక్కు కొంత తెరుచుకొన్నది. రెండవనాటి సాయంకాలము నుండి ఆయనకు మూత్రము రాలేదు. పెద్దవాడు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అర్ధరాత్రికి పొత్తికడుపు రాయివలె గట్టిపడి మూలుగుతూ ఉంటే మా అమ్మ మమ్ము లేపినది. బండి మాట్లాడుకొని మేలూరు నుండి మదురైకి పరుగెత్తినాము. అక్కడి యువ డాక్టరు కడుపు మీద చెయ్యి వేసి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పెద్దాయనకు జలుబు మాత్ర ఏదైనా వేసినారా?"

మా జేబులో కత్తిరించిన రేకు ముక్క ఉన్నది. దాని మీద పేరు సగమే ఉన్నది. గడువు తేదీ ఉన్న అంచు అంగడిలోనే ఉండిపోయినది. గొట్టము వేసిన తరువాత నాయన ముఖములో ప్రాణము వచ్చినది. ఆ గొట్టముతోనే ఆయన కొన్ని రోజులు ఉండవలసి వచ్చినది. అంగడివానిది తప్పు అనుటకు మాకు నోరు రాదు. అడిగినది మేము, ఇచ్చినది అతడు, మింగించినది మేము.

డాక్టరు చెప్పినది ఇది. దుకాణములో జలుబు మాత్ర అని ఇచ్చేది ఒక మందు కాదు, మూడు నాలుగు మందుల కలగూరగంప. జ్వరమునకు పారాసిటమాల్, ముక్కు కారుటకు క్లోర్‌ఫెనిరమిన్, దిబ్బడకు ఫినైలెఫ్రిన్, ఒక్కొక్కదానిలో నిద్రమత్తు తెలియకుండుటకు కాఫీలోని కెఫీన్ కూడా. దిబ్బడ మందు రక్తనాళములను ముడుచుకొనజేస్తుంది. ముక్కులో ముడిస్తే దిబ్బడ తగ్గవచ్చును. కాని మందు ముక్కు దగ్గరనే ఆగదు. రక్తపోటు పెరగవచ్చును, గుండె దడదడ కొట్టుకొనవచ్చును. మూత్రాశయపు ముఖద్వారము కూడా బిగుసుకొంటుంది. క్లోర్‌ఫెనిరమిన్ నోటిని, ముక్కును ఎండబెట్టుటతో పాటు మూత్రాశయము గట్టిగా నొక్కే శక్తిని తగ్గిస్తుంది. వయసు మీరిన మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి ఇరుకై ఉంటుంది. ఒకటి తలుపు మూసినది, మరొకటి తోసే చేతిని పడవేసినది. మా నాయన కడుపు రాయి అయినది ఇందువలన. కంటిలో నీటి ఒత్తిడి జబ్బు ఉన్నవారికి కూడా ఇదే జాతి మందులు అపాయము.

క్లోర్‌ఫెనిరమిన్ జాతి మందులు 1940 దశకములో వచ్చినవి. 1949–50లో అమెరికాలో చీటీ అక్కరలేకుండ అమ్ముటకు అనుమతి రాగానే, జలుబును మొదటి గంటలోనే ఆపుతుందని ప్రకటనలు గుప్పించినారు. తరువాత సరిగా పరీక్షించి చూడగా ఒంటరిగా వేసినప్పుడు జలుబులో దాని లాభము బహు స్వల్పమని తేలినది. నిద్రమత్తు మాత్రము స్వల్పము కాదు. రైల్వేలో పనిచేసే మాకు ఇది పైమాటగా తెలిసిన సంగతి కాదు. సిగ్నల్ చూడవలసినవాడు, రాత్రి డ్యూటీలో పాయింట్లు మార్చవలసినవాడు, మన మేలూరు మీదుగా తిరుచ్చి రోడ్డున లారీ నడిపేవాడు ఆ మాత్ర వేసికొని పనిలోకి పోకూడదు. మరునాటి ఉదయము వరకు కూడా మాంద్యము ఉండవచ్చును.

దిబ్బడ మందుల కథ ఇంకా విచిత్రము. ఫినైల్‌ప్రోపనోలమిన్ అనే మందు దశాబ్దములపాటు జలుబు మాత్రలలో ఉండేది. దాని వలన మెదడులో రక్తనాళము చిట్లే ప్రమాదము, ముఖ్యముగా స్త్రీలలో, పెరుగుతున్నదని 2000 సంవత్సరములో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయము వారి పరిశోధన చూపినది. ఆ సంవత్సరమే అక్కడ అమ్మకము ఆపించినారు. మన కేంద్రప్రభుత్వపు నిషేధ ప్రకటన వచ్చినది 2011 ఫిబ్రవరిలో. నడుమ పది సంవత్సరములకు పైగా మన అంగళ్ళలో అది ఉన్నది. దాని స్థానములో ప్రబలిన ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా మింగినప్పుడు దిబ్బడను తగ్గించుటలేదని 2023 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వపు నిపుణుల సంఘము ఏకగ్రీవముగా తేల్చినది. ముక్కులో వేసే చుక్కలు వేగముగా పనిచేస్తవి. కాని వరుసగా నాలుగైదు రోజులు మించితే మందు దిగగానే దిబ్బడ రెట్టింపై, చుక్కలు లేనిదే ఊపిరాడని అలవాటు పడుతుంది.

అన్నిటికంటె సురక్షితమని పేరు పొందిన పారాసిటమాల్‌కు కూడా హద్దు ఉన్నది. ఎక్కువైతే కాలేయము చెడుతుందని 1966 నుండి వైద్యులకు తెలుసు. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి 24 గంటలలో 4 గ్రాములు మించకూడదు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, 650 మిల్లీగ్రాములవైతే ఆరు. మద్యము అలవాటు ఉన్నవారికి, బక్కపలచని వృద్ధులకు హద్దు ఇంకా తక్కువ. చిక్కు ఎక్కడ వస్తుందంటే, జ్వరపు మాత్రలో అదే, జలుబు మాత్రలో అదే, ఒళ్ళు నొప్పుల మాత్రలో అదే. మూడు పేర్లు చూచి మూడు మందులు అనుకొని ఒక్క మందునే మూడింతలు మింగుతాము. మోతాదు మించినవారికి మొదటి రోజు పెద్ద బాధ ఉండదు. కాలేయము చెడినట్లు తెలిసేసరికి రెండు మూడు రోజులు గడుస్తవి. కలగాపులగపు మాత్రలను తగ్గించుటకు కేంద్రము 2016 మార్చిలో 344 రకముల మిశ్రమములను నిషేధించినది. కంపెనీలు కోర్టులకు పోయినవి. తిరిగి పరిశీలించి 2018 సెప్టెంబరులో 328 రకములను నిషేధించినారు.

ఇంతవరకు చెప్పినది సరియైన మందు సరికాని ఒంటిలో చేసే కీడు. ఇక సీసాలోనే కీడు ఉండుట వేరు. 1937లో అమెరికాలో ఒక కంపెనీ గొంతునొప్పి మొదలైన వాటికి వాడే సల్ఫనిలమైడ్‌ను తియ్యని ద్రవముగా చేయదలచి డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించినది. అది పరిశ్రమలలో వాడే ద్రావకము. రుచికి తియ్యన, ఒంటికి విషము. మూత్రపిండములు దెబ్బతిని వందమందికి పైగా చనిపోయినారు, వారిలో పిల్లలెందరో. మందును అమ్ముటకు ముందు పరీక్షించవలెనని అప్పటికి అక్కడ చట్టము లేదు. 1938లో చట్టము చేసినారు. మన దేశములో కర్నల్ ఆర్. ఎన్. చోప్రా అధ్యక్షతన 1930లో వేసిన విచారణ సంఘము మందుల కల్తీని బయటపెట్టగా, 1940లో మందుల చట్టము వచ్చినది.

చట్టము వచ్చినది గాని ఆ తియ్యని విషము పోలేదు. 1986లో బొంబాయిలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆ విషము కలిసిన గ్లిజరిన్ వలన 14 మంది రోగులు చనిపోయినారు. జస్టిస్ లెంటిన్ విచారణ జరిపినారు. 1998లో ఢిల్లీ దగ్గర గుర్‌గావ్‌లో దగ్గు మందు త్రాగి 33 మంది పిల్లలు. 2019–20 శీతాకాలములో జమ్మూ ప్రాంతపు ఉధంపూర్ జిల్లాలో పదిమందికి పైగా పిల్లలు. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు చనిపోగా, మన దేశములో తయారైన నాలుగు మందుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేసినది.

2025లో ఈ కథ మన గడపకు వచ్చినది. మనము నివసించే తమిళనాడులో, కాంచీపురము జిల్లాలో, స్రేసన్ ఫార్మా అనే కంపెనీ తయారుచేసిన కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాకు పోయినది. ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలలలో 20 మందికి పైగా పిల్లలు, వారిలో ఎక్కువమంది ఐదేండ్ల లోపువారు, మూత్రపిండములు చెడి చనిపోయినారు. తమిళనాడు ప్రభుత్వపు పరీక్షలో ఆ మందులో 48.6 శాతము డైఇథిలీన్ గ్లైకాల్ తేలినది. ఉండదగినది 0.1 శాతము లోపు. అక్టోబరులో కంపెనీ లైసెన్సు రద్దయినది. మందులకు వాడే ద్రావకము ఖరీదు ఎక్కువ, పరిశ్రమల ద్రావకము చవక. సీసాలో పోయకముందు పరీక్షించకుంటే రెంటికి తేడా కంటికి, నాలుకకు తెలియదు.

ఆ తల్లులు చేసిన తప్పేమిటి? బిడ్డ దగ్గుతున్నాడు, మందు పోసినారు. మనమందరము చేసే పనియే. ఆ దగ్గు మందు లేకున్నను తగ్గేది. ఈ వాక్యము వ్రాయుచున్నప్పుడు మా చెయ్యి ఆగినది.

2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్యశాఖ డాక్టర్లకు చేసిన సూచన ఇది: రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదు; ఐదేండ్ల లోపువారికి సాధారణముగా అవి తగవు. అంతకు ముందే, 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసాల మీద ముద్రించవలెనని ఆజ్ఞ అయినది. కల్తీ లేని మంచి మందుకే ఈ ఆజ్ఞ అని చదువరులు గమనించవలెను. చిన్నపిల్లలలో లాభము కనబడలేదు, మత్తు, ఫిట్సు, గుండె వేగము వంటి నష్టములు కనబడినవి.

మరొక మాట. జలుబుకు యాంటిబయాటిక్ అడిగి తెచ్చుకొనే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధన నడిపించిన లెడర్లీ సంస్థ నుండి 1948లో ఆరియోమైసిన్ వచ్చినది. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది. అది ఎందరి ప్రాణములో నిలిపినది. కాని ఈ మందులు బాక్టీరియాను చంపుతవి, జలుబు వైరసును తాకవు. పైగా టెట్రాసైక్లిన్ జాతి ఎదిగే పిల్లల పండ్లకు పోని పసుపు మరక పెడుతుంది. మన వాని మందు గదా అని మన ఇంటి జలుబుకు వేస్తే ఆయనను గౌరవించినట్లు కాదు.

ఇంత చెప్పి, మందులే వద్దంటారా అని అడుగవచ్చును. మేము అట్లు అనలేదు. జ్వరము కాల్చివేస్తూ ఉంటే ఒక్క పారాసిటమాల్ చాలును, అదీ లెక్కతో. ముక్కుకు ఉప్పునీటి చుక్కలు, త్రాగుటకు వేడినీరు, చారు, గంజి, ఒంటికి విశ్రాంతి. పిల్లవాడు ఊపిరికి ఎగపోస్తున్నా, పాలు త్రాగకున్నా, మత్తుగా ఉన్నా, మూత్రము తగ్గినా, జ్వరము మూడు రోజులు దాటినా డాక్టరు దగ్గరకు పోవలెను. అంగడికి పోయినప్పుడు ఎవరికి, ఎంత వయసు, బీపీ, షుగరు, ప్రోస్టేట్, కంటి జబ్బు ఉన్నదా, ఇంకేమి మందులు వేసికొంటున్నారు అనే మాటలు అడగకున్నా మనమే చెప్పవలెను. మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరు, తేదీ ఉన్న భాగమును అడిగి తీసికొనవలెను, లేదా కాగితము మీద వ్రాయించుకొనవలెను. పెద్దవారికి మూత్రము ఆగితే సిగ్గుపడకుండ వెంటనే చెప్పమని ముందుగానే చెప్పియుంచవలెను.

మన కష్టము ఇంకొకటి ఉన్నది. ఈ సీమలో తరతరములుగా ఉన్న మన పెద్దలు తెలుగు మాట్లాడుతారు, తమిళము చదువుతారు. మందు రేకు మీద ఉన్నది మాత్రము చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరములలో. మా నాయనకు ఆ రేకు చేతికి ఇచ్చినా ఏమి తెలిసేది? మెట్రిక్ చదివిన మేమే చదవలేదు. కనుక సంఘమునకు ఒక ప్రతిపాదన చేస్తున్నాము. మన కుటుంబములలో మందుల శాస్త్రము, నర్సు చదువు చదివిన పిల్లలు ఉన్నారు. ఉగాది నాడు పంచాంగ శ్రవణము అయిన తరువాత వారిని ఒక గంట కూర్చోబెట్టుదాము. ప్రతి కుటుంబము ఇంటిలోని మందుల డబ్బా తెచ్చుకొనవలెను. ఏది ఏమిటో, ఏ రెండిటిలో ఒకే మందు ఉన్నదో, దేనికి గడువు తీరినదో వారు చూచి మన భాషలో చెప్పుదురు గాక. మా డబ్బాతో మేము మొదట వస్తాము.

పడిశము పదిరోగాల పెట్టు అన్నారు పెద్దలు. దానికి వేసే మందు పదకొండవది కాకుండ చూచుకొనుట మన చేతిలో ఉన్నది. మా నాయన ఇప్పుడు బాగున్నారు. మొన్న మరల తుమ్మినారు. మా అమ్మ మిరియాల చారు కాచి ఇచ్చినది. ఏడవ రోజున తగ్గినది. పేరు చారుకు వచ్చినది; వస్తే రానిండు, అందులో ఎవరికీ నష్టము లేదు.